మిలట్రీ కాగితాల్లో మా నాన్న

నాన్న పోయిన నెలలోపే మా తమ్ముడు అన్నాడు, అక్కా సంవత్సరీకం నాటికి నాన్న గురించి చిన్న పుస్తకం ఒకటి వేద్దాం, పిల్లలకి గుర్తుండాలి కదా, నువ్వే రాయాలి అని. సరే అన్నాను. అమ్మ ఫ్యామిలీ పెన్షన్ పని కూడా అప్పుడే నా చేతికి వచ్చింది, తమ్ముడికి సెలవుల్లేవు, నేను అమ్మ దగ్గరే ఉంటున్నాను. ఒకటి ఆఫీసుల పని, ఇంకోటి మనసుతో చేసే పని, కానీ రెంటికీ కావల్సినవన్నీ ఒకే చోట ఉన్నాయి, నాన్న నల్ల ట్రంకు పెట్టెలో.

ఆ పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటుంది. ర్యాంకు దగ్గర మాత్రం పెయింటు దళసరిగా ఉంటుంది, ఎందుకంటే ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పాతది కొట్టేసి దాని మీదే కొత్తది రాసుకున్నాడు, సాపర్, లాన్స్ నాయక్, నాయక్, చివరికి హవల్దార్. వెలుతురు వాలుగా పడితే అడుగున ఉన్న అక్షరాలు కూడా కనిపిస్తాయి.

నాన్న 1966లో పద్దెనిమిదేళ్ళకి మద్రాస్ సాపర్స్‌లో చేరాడు, అసలు పేరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, బెంగళూరులో అల్సూర్ చెరువు పక్కన వాళ్ళ సెంటర్. 1780 నుంచి ఉన్న దళం. దక్షిణాది వాళ్ళే ఎక్కువ, అందర్నీ కలిపి తంబీలు అంటారు. వీళ్ళ పని వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, శత్రువు పాతిన మైన్లు, అంటే మందుపాతరలు, తీసి మన ట్యాంకులకీ కాల్బలానికీ దారి ఇవ్వడం, అవసరమైతే తుపాకీ పట్టి పోరాడటం కూడా. నాన్న ట్రేడ్ కార్పెంటర్. 1990లో 24 ఏళ్ళ సర్వీసు చేసి హవల్దార్‌గా ఇంటికి వచ్చాడు. మాకు తెలిసిన మిలట్రీ కథ ఇంతే, దీనికి తోడు బెయిలీ బ్రిడ్జి కథలు, ఇనప ప్యానెళ్ళు కలిపి అప్పటికప్పుడు కట్టే వంతెన అది. ఒక్కో ప్యానెల్ 260 కిలోల దాకా ఉంటుందని, ఆరుగురు ఒకేసారి ఎత్తాలని, ఒక్కడు అడుగు తప్పినా మిగతా అయిదుగురి నడుములు పోతాయని చేతులు తిప్పుతూ చెప్పేవాడు. 1971 యుద్ధం గురించి అడిగితే మాత్రం "ఆ, చేశాం" అనేసి వేరే మాటలోకి వెళ్ళిపోయేవాడు. ఏటా డిసెంబర్ 16న టీవీలో ఢాకాలో లొంగుబాటు, 93 వేల మంది ఖైదీలు అని చెబుతుంటే కూర్చుని అంతా వినేవాడు, ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు.

నాన్న పోయిన రోజు చుట్టుపక్కల ఊళ్ళ ఎక్స్ సర్వీస్‌మెన్ చాలామంది వచ్చారు, కొందరు మెడల్స్ పెట్టుకుని వచ్చారు. మా బంధువుల్లో ఎవరో జెండా కప్పుదాం అన్నారు, జెండా తెచ్చారు కూడా. అప్పుడు వాళ్ళల్లో పెద్దాయన, సుబేదార్‌గా రిటైరైన ఆయన, వద్దమ్మా, ప్రభుత్వ లాంఛనాలతోనో సైనిక లాంఛనాలతోనో చేసే అంత్యక్రియలకే జెండా కప్పాలని ఫ్లాగ్ కోడ్‌లో ఉంది, మీ నాన్న ఉంటే ఒప్పుకోడు అన్నాడు. ఆ మాట నిజం, నాన్న ఒప్పుకునేవాడు కాదు. వాళ్ళంతా వరసగా నిలబడి సెల్యూట్ కొట్టారు, మాకు అదే చాలా పెద్ద గౌరవం అనిపించింది.

తర్వాత కాగితాల పని. మిలట్రీ పెన్షనర్ ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ భాగం ఉపయోగపడుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ముందు డెత్ సర్టిఫికెట్, 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే తేలిక, ఎక్కువ కాపీలు తీసుకోవాలి, అందులో పేరు స్పెల్లింగ్ పీపీఓలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. పీపీఓ అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్, ఆర్మీ వాళ్ళది అలహాబాద్ (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) నుంచి వస్తుంది. పెన్షనర్ పోయిన సంగతి వెంటనే తెలియజేయాలి, ఆలస్యం చేస్తే ఎక్కువగా పడిన డబ్బు తర్వాత వెనక్కి పట్టుకుంటారు. ఇప్పుడు ఇవన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ సిస్టమ్‌లోకి వచ్చాయి, అందులో మరణం రిపోర్ట్ చేసి, భార్య ఆధార్, పాన్, బ్యాంకు అకౌంట్ వివరాలతో ఫ్యామిలీ పెన్షన్ క్లెయిమ్ పెట్టుకోవాలి. చేతకాకపోతే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్ళొచ్చు, మాకు అక్కడి వాళ్ళు చాలా ఓపిగ్గా చెప్పారు. ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం, కార్డు విషయం కూడా చూసుకోవాలి, నాన్న కార్డు అప్పజెప్పాలి, అమ్మకి ఫ్యామిలీ పెన్షనర్‌గా వైద్యం కొనసాగుతుంది. సర్వీస్ పెన్షన్ చివరి జీతంలో సగం లెక్కన వస్తే ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం లెక్కన వస్తుంది, కాబట్టి ఇంటి ఖర్చు ముందే చూసుకోవడం మంచిది.

ఇదంతా వింటే పెద్ద తతంగం అనిపిస్తుంది కదా, మేమూ అలాగే భయపడ్డాం. ఎందుకంటే అమ్మకి పుట్టింట్లో పెట్టిన పేరు ఒకటి, అత్తారింటికి వచ్చాక పిలిచింది ఇంకోటి, రేషన్ కార్డులో ఒక రకం, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి ఇంకో రకం. పాతకాలం పీపీఓల్లో చాలావాటిలో భార్య పేరే ఉండదు, భర్త పోయాక ఆ ముసలావిడ నేనే ఆయన భార్యని అని నిరూపించుకోవాల్సి వస్తుంది. పెళ్ళి ఫోటో కూడా లేని కాలం వాళ్ళది.

పెట్టె తెరిస్తే అడుగున ఒక ఆకుపచ్చ ఫైలు ఉంది, మీద తెలుగులో అమ్మ పేరు, దాని కింద "నా తర్వాత" అని రాసి ఉంది. అందులో వరసగా, 1970లో వాళ్ళ పెళ్ళి పార్ట్ టు ఆర్డర్ నంబరు, తేదీ. నేను పుట్టినప్పటి పార్ట్ టు ఆర్డర్, తమ్ముడు పుట్టినప్పటిది. పార్ట్ టు ఆర్డర్ అంటే జవాను ఇంట్లో పెళ్ళి, పిల్లలు పుట్టడం లాంటివన్నీ యూనిట్ నుంచి అధికారికంగా పబ్లిష్ చేస్తారు, అది రికార్డ్స్ ఆఫీసుకి చేరితేనే మిలట్రీ దృష్టిలో మనకి భార్యా పిల్లలు ఉన్నట్టు. తర్వాత అమ్మ రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ చేయించిన అఫిడవిట్, బెంగళూరు రికార్డ్స్‌కి రాసిన ఉత్తరాల కాపీలు, రిజిస్టర్డ్ పోస్టు రసీదులు, అవి చేరినట్టు సంతకం పెట్టి వెనక్కి వచ్చిన కార్డులు, చివరగా అమ్మ పేరూ పుట్టిన తేదీ సరిచేసి వచ్చిన కొత్త పీపీఓ. అన్నీ తేదీల వారీగా ట్యాగ్ వేసి ఉన్నాయి.

ఆ ఫైల్లో ఒక కాగితం మీద నాన్న పెన్సిల్‌తో లెక్క వేసుకున్నాడు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవాళ్ళకి 80 ఏళ్ళు నిండితే అదనంగా 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకి రెట్టింపు. పక్కనే అమ్మ పుట్టిన ఏడు 1952 వేసి, ఎదురుగా 2032, 2037, 2042 అని సంవత్సరాలు రాశాడు, 2052 దాకా. ఈ అదనం రావాలంటే రికార్డుల్లో భార్య పుట్టిన తేదీ ఉండాలి, అందుకే అంత పట్టుబట్టి తేదీ ఎక్కించాడన్నమాట. తను లేని రోజుల్లో అమ్మ నూరేళ్ళు బతుకుతుందని లెక్క వేసుకుని దానికి తగ్గట్టు కాగితాలు సిద్ధం చేసి పెట్టాడు. నేను అది చూసి కాసేపు మాట్లాడలేకపోయాను, అమ్మకి చదివి వినిపిస్తే, ఆయనకి నా మీద అంత ఆశేంటమ్మా అని కళ్ళు తుడుచుకుంది.

ఇంత జాగ్రత్త ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఆ పెట్టెలోనే దొరికింది. ఇంకో లావు కట్ట ఉంది, అందులో ఉన్నవి మా ఇంటివి కావు. చుట్టుపక్కల ఊళ్ళల్లో పోయిన జవాన్ల భార్యల తరఫున నాన్న రాసిన దరఖాస్తుల కార్బన్ కాపీలు. రిటైరయ్యాక నాన్న ఒక బ్యాంకులో గార్డుగా చేశాడు, ఆదివారాలు ఇంటి దగ్గర ఉండేవాడు, ఆ రోజు మా వరండాలో ఎవరో ఒక ఆడమనిషి సంచిలో కాగితాలు పట్టుకుని కూర్చుని ఉండటం నాకు చిన్నప్పటి నుంచీ కాకపోయినా పెళ్ళయ్యాక పుట్టింటికి వచ్చినప్పుడల్లా కనిపించేది. ఏదో మిలట్రీ వాళ్ళ పని అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ కట్ట చదివితే అర్థమైంది, ఒక్కో దరఖాస్తులో ఒక్కో ఇంటి కథ ఉంది, పేరు కలవలేదని ఒకరిది, పుట్టిన తేదీ లేదని ఒకరిది, రెండో పెళ్ళి అని ఎవరో ఫిర్యాదు చేశారని ఒకరిది, సర్వీసు వివరాలుండే డిశ్చార్జ్ బుక్ చెదలు తినేసిందని ఒకరిది. వాళ్ళందరి కష్టం చూసి వచ్చి రాత్రి తన పెళ్ళాం కాగితాలు సరిచేసుకున్నాడు. ఒక కాపీ వెనకాల "మంజూరైనది, ఏరియర్స్‌తో" అని ఎర్ర ఇంకుతో రాసుకున్నాడు, కింద గీత కూడా గీశాడు, తనకే ప్రమోషన్ వచ్చినంత సంతోషంగా ఉన్నట్టుంది ఆ గీత చూస్తే.

అమ్మ పెన్షన్‌కి ఈ ఫైల్ వల్ల ఎక్కడా అడ్డు పడలేదు. బ్యాంకులో ఒకచోట అవసరం లేని కాగితం అడిగి కొంచెం తిప్పారు, అంతకుమించి చెప్పుకోవాల్సింది లేదు. మంజూరయ్యాక ఇక పుస్తకం పనిలో పడ్డాను.

పుస్తకానికి మొదట డిశ్చార్జ్ బుక్ తీశాను. ఇది చిన్న పుస్తకమే కానీ ఒక మనిషి పాతికేళ్ళ జీవితం ఉంటుంది, చేరిన తేదీ, ఎత్తు, ఛాతీ కొలత, చదువు, ట్రేడ్, ప్రమోషన్లు, మెడల్స్, క్యారెక్టర్. నాన్నకి క్యారెక్టర్ దగ్గర ఎగ్జెంప్లరీ అని ఉంది, అది వాళ్ళు ఇచ్చే వాటిల్లో అన్నిటికన్నా పైది. చదువు దగ్గర చేరేనాటికి ఎనిమిదో తరగతి అని ఉండి, తర్వాత ఆర్మీ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ థర్డ్ క్లాస్, సెకండ్ క్లాస్, మ్యాప్ రీడింగ్ అని ఒక్కోటి ఒక్కో ఏడు ఎక్కాయి. మాకు సెలవుల్లో లెక్కలు చెప్పిన మనిషి, తన లెక్కలు తను బ్యారక్‌లో నేర్చుకుంటున్న రోజుల్లోనే మాకు చెప్పాడని తేదీలు చూస్తే తెలిసింది. గుర్తింపు మచ్చలు అనే చోట పిక్క మీద గాయం మచ్చ అని ఉంది. ఆ మచ్చ మేం ఎరుగుదుం, చిన్నప్పుడు అడిగితే ముల్లు గుచ్చుకుందనేవాడు.

మెడల్స్ ఒక గుడ్డ సంచిలో ఉన్నాయి. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళు అయినందుకు ఇచ్చింది, తొమ్మిదేళ్ళ సర్వీసుది, ఇరవై ఏళ్ళ సర్వీసుది, సైన్య సేవా మెడల్. ఎవరింట్లోనైనా ఇలాంటివి ఉంటే అంచు చూడండి, చుట్టూ నంబరు, ర్యాంకు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి. 71లో తూర్పున బంగ్లాదేశ్ వైపు పనిచేసిన వాళ్ళకి పూర్వీ స్టార్, పశ్చిమాన పాకిస్తాన్ సరిహద్దులో ఉన్నవాళ్ళకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. అంటే నాన్న ఢాకా వైపు వెళ్ళలేదు. టీవీలో ఏటా చూపించే యుద్ధం ఆయన చూసిన యుద్ధం కాదు. డిశ్చార్జ్ బుక్‌లో ఆపరేషన్ క్యాక్టస్ లిల్లీ అని ఉంది, 71 యుద్ధానికి ఆర్మీ రికార్డుల్లో వాడే పేరు అదే, కానీ ఎక్కడ ఏం చేశాడో ఉండదు.

ఉత్తరాల్లో చూద్దామంటే, ఫీల్డ్‌లో ఉన్న జవాను అడ్రసులో ఊరి పేరు రాయకూడదు, నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. అమ్మ అవన్నీ దాచింది. నాన్న ఎక్కడున్నాడో తెలియకుండానే అమ్మ అన్నేళ్ళు ఆయనకి జవాబులు రాసింది. ఉత్తరాల తేదీలు, డిశ్చార్జ్ బుక్ తేదీలు, మనియార్డర్ కూపన్ల మీద పోస్టాఫీసు ముద్రలు, మూడూ ఒక పొడుగాటి కాగితం మీద పక్కపక్కన రాసుకుంటూ పోయాను. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే, ముందు సంవత్సరాల పట్టిక వేసుకోండి, కథ తర్వాత. 1971 డిసెంబర్ చివర్లో రాసిన ఒక ఉత్తరం దొరికింది, అప్పటికి అమ్మ కడుపుతో ఉంది, నేనే. అందులో అయిదే ముక్కలు: నేను క్షేమం, ఇక్కడ చలి జాస్తిగా ఉంది, నువ్వు బరువులు ఎత్తకు, డాక్టరమ్మకి చూపించుకో, డబ్బు గురించి ఆలోచించకు. యుద్ధం మాట లేనే లేదు. అమ్మని అడిగితే, ఆ నెలంతా పక్కింటి రేడియో దగ్గరే కూర్చున్నామే, పోస్టుమ్యాన్ సైకిల్ మా గుమ్మం దాటి పోతే ఊపిరి వచ్చేది, ఆగితే భయం, ఈ ఉత్తరం వచ్చిన రోజు మీ నానమ్మ పోస్టుమ్యాన్‌కి కొత్త పంచె పెట్టింది అంది. ఇది నాకు యాభై మూడేళ్ళకి తెలిసింది, ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు.

యుద్ధంలో ఏం జరిగిందో చెప్పింది నాన్న స్నేహితుడు. నాన్న ఫోన్ డైరీలో తమిళనాడు నంబర్లు కొన్ని ఉన్నాయి, ఒక్కోటి చేసుకుంటూ పోతే కొన్ని పనిచేయలేదు, కొన్నిచోట్ల పిల్లలు ఎత్తి నాన్నగారు లేరండి అన్నారు, ఒక్కచోట మాత్రం పెద్దాయనే ఎత్తాడు. నాన్న పేరు చెప్పగానే ఆర్మీ నంబరులో చివరి అంకెలు చెప్పి అతనేనా అని అడిగాడు. ఆయన హిందీలో తమిళం కలిపి, నేను తెలుగులో హిందీ కలిపి మాట్లాడుకున్నాం, తర్వాత చాలాసార్లు ఫోన్ చేశాను, ఆయన పర్మిషన్‌తో రికార్డ్ చేశాను.

వాళ్ళున్నది పశ్చిమాన పాకిస్తాన్ వైపు షకర్‌గఢ్ సెక్టార్, బసంతర్ నది. అక్కడి యుద్ధం అంటే అందరికీ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ పేరు గుర్తొస్తుంది, 21 ఏళ్ళ కుర్రాడు, పూనా హార్స్ ట్యాంకు దళం, 16వ తేదీన పోరాడుతూ పోయాడు, పరమవీర చక్ర వచ్చింది. ఆ ట్యాంకులు నది దాటి ముందుకెళ్ళాలంటే అవతల మైన్లు పాతిన పొలాలు దాటాలి, ఆ దారి తీసింది ఇంజనీర్లు. 15 రాత్రి నుంచి వాళ్ళ మీద ఫిరంగి గుళ్ళు పడుతూనే ఉన్నాయట. మైన్లు వెతకడం ఎలాగో పెద్దాయన చెప్పాడు, నేల మీద బోర్లా పడుకుని, సన్నటి ఇనప చువ్వని నిటారుగా కాకుండా వాలుగా మట్టిలోకి గుచ్చుకుంటూ పోవాలి, ఎందుకంటే పైన నొక్కితే పేలుతుంది, పక్క నుంచి తగిలితే తెలుస్తుంది. చేతికి తగిలింది రాయా ఇనుమా అని చలిలో కొంకర్లు పోయిన వేళ్ళతో చీకట్లో తేల్చుకోవాలి. తీసినంత మేర రెండు వైపులా తెల్ల టేపు పరుచుకుంటూ వెళ్తారు, ట్యాంకు డ్రైవర్‌కి ఆ టేపే దారి. నాన్న ఆ రాత్రి టేపు పార్టీలో ఉన్నాడు. పెద్దాయన కళ్ళ ముందే ఒక స్నేహితుడు పోయాడు, నాన్న పిక్కలో ముక్క దిగింది, కట్టు కట్టించుకుని మళ్ళీ వచ్చాడట. ఇంకా దారి పూర్తిగా తయారు కాకముందే అవతల మన కాల్బలం మీదకి పాకిస్తాన్ ట్యాంకులు వస్తున్నాయని తెలిసి మన ట్యాంకులు ఆ దారిలోనే వెళ్ళిపోయాయి. ఆ పోరులో ఇంజనీర్ ఆఫీసర్ మేజర్ విజయ్ రతన్ చౌధురి కూడా ప్రాణాలు వదిలాడు, మహావీర చక్ర ఇచ్చారు. మర్నాడు 17 రాత్రి ఎనిమిదింటికి కాల్పుల విరమణ.

అందరి యుద్ధం అక్కడ అయిపోయింది, సాపర్లది అవలేదు. పాతిన మైన్లన్నీ ఎవరో ఒకరు తీయాలి కదా. 1972 అంతా వాళ్ళు అదే పనిలో ఉన్నారట. నేను పుట్టింది 72 మే నెలలో, నాన్న నన్ను మొదటిసారి చూసింది అక్టోబర్‌లో. ఎందుకు అంత ఆలస్యంగా వచ్చాడని మా నానమ్మ జీవితాంతం దెప్పింది, నాన్న ఒక్కసారి కూడా నేను అక్కడ మైన్లు తీస్తున్నానమ్మా అని చెప్పలేదు. నా పుట్టుక పార్ట్ టు ఆర్డర్ తేదీ చూస్తే 72 జూన్, అంటే ఆ పొలాల్లో ఉంటూనే ఉత్తరం అందగానే క్లర్కు దగ్గరికెళ్ళి నా పేరు మీద కాగితం పుట్టించాడు. నన్ను ఎత్తుకోకముందే నన్ను రికార్డులకి ఎక్కించాడు.

పోయిన ఆ స్నేహితుడి సంగతి పెద్దాయన చెబుతుంటే నాకు 2019 గుర్తొచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరి 25న ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ మొదలైంది, కొన్ని నెలలకి మా తమ్ముడు అమ్మనీ నాన్ననీ తీసుకెళ్ళాడు. అక్కడ గుండ్రంగా తిరిగే గోడల్లో ఒక్కో గ్రానైట్ ఇటుక మీద ఒక్కో జవాను పేరు ఉంటుంది. నాన్న ఒక పేరు కోసం వెతికాడట, దొరకగానే చదవకముందే నంబరు నోటికి చెప్పేశాడట, ఇటుక మీద అదే ఉంది. ఎవరు నాన్నా అంటే మా సెక్షన్ కుర్రాడు అన్నాడంతే. అప్పుడు తమ్ముడు తీసిన ఫోటోలో ఆ పేరు చదివి పెద్దాయనకి వినిపించాను, అతనే, అతనే అన్నాడు.

పుస్తకంలో ఇది పెట్టాలా వద్దా అని ఇంట్లో చాలా మాటలు నడిచాయి. నాన్న చెప్పుకోనిది మనమెందుకు చెప్పాలి అని తమ్ముడు, చెప్పకపోతే మా పిల్లలకి తాతయ్య అంటే బ్యాంకు గార్డుగానే మిగిలిపోతాడు అని నేను. అమ్మ తేల్చింది. ఆయన నన్ను భయపెట్టకూడదని చెప్పలేదు, ఇప్పుడు నాకేం భయం, రాయండి అంది. నాకైతే అంతకన్నా సరైన మాట ఇంకోటి తోచలేదు.

కానీ పుస్తకంలో యుద్ధానికి ఇచ్చినవి కొన్ని పేజీలే, ఎక్కువ ఇంటికే ఇచ్చాం, నాన్న ఇచ్చింది కూడా అలాగే కదా. ఏడాదికి రెండు నెలల సెలవు, ఆ రెండు నెలల్లో ఇల్లు కప్పు మార్పించడం, మాకు బడి ఫీజులు కట్టడం, తను చేసిన పీటలు, ఉయ్యాల, నా చదువు బల్ల. ఆ బల్లకి మేకులే లేవు, అన్నీ కొయ్య అతుకులే, ఇప్పుడు మా అమ్మాయి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంటుంది. బ్యాంకులో గార్డుగా ఉన్నప్పుడు సాయంత్రం వచ్చి యూనిఫాం తనే ఉతుక్కుని తనే ఇస్త్రీ చేసుకునేవాడు, అమ్మ చేస్తానన్నా ఇచ్చేవాడు కాదు. నేను డిగ్రీ చదువుతానంటే బంధువులంతా ఆడపిల్లకి ఎందుకు అన్న రోజుల్లో, తను ఎనిమిదో తరగతితో చేరి ఎన్ని పరీక్షలు రాశాడో ఆ సర్టిఫికెట్లు తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు, ఇంకేం వాదించలేదు. అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు డెబ్బై దాటిన మనిషి టైము ప్రకారం లేపి, నడిపించి, ఎన్ని అడుగులు వేసిందో క్యాలెండర్ మీద రాసేవాడు. ఆ క్యాలెండర్ కాగితాలు కూడా దాచాడు, ఒక పేజీ ఫోటో తీసి పుస్తకంలో వేశాం.

రాసేటప్పుడు నాకు పనికొచ్చినవి రెండు. ఒకటి, మనవళ్ళందరినీ తాతయ్య గురించి ఒక్కొక్క సంగతి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను, మంచివాడు, ప్రేమగల మనిషి లాంటి మాటలు వద్దు, ఆయన ఏం చేశాడో చెప్పండి అన్నాను, అప్పుడు మంచి మంచి సంగతులు వచ్చాయి. రెండోది, అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగకుండా ఒక్కో ఉత్తరం చేతికిచ్చి ఊరుకున్నాను, ఆవిడ చదువుకుంటూ తనే చెప్పింది. నాన్నలు బతికుండగానే ఈ పని చేయగలిగిన వాళ్ళు చేయండి, డిశ్చార్జ్ బుక్ ముందు పెట్టి ఒక్కో ఎంట్రీ చూపించి ఇది ఎక్కడ అని అడిగితే చాలు. అలాగే అమ్మల పేరూ పుట్టిన తేదీ పెన్షన్ రికార్డుల్లో సరిగ్గా ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి, ఇది మాత్రం వాయిదా వేసే పని కాదు.

సంవత్సరీకం నాటికి పుస్తకం చేతికొచ్చింది, పెద్ద అక్షరాలతో వేయించాం, చదివేవాళ్ళు ఎక్కువ మంది ముసలివాళ్ళే కాబట్టి. ఎక్స్ సర్వీస్‌మెన్ అందరికీ ఇచ్చాం. నాన్న దరఖాస్తులు రాసిపెట్టిన ఆడవాళ్ళల్లో బతికున్నవాళ్ళు కొందరు వచ్చారు, ఒకావిడ తన పీపీఓ జిరాక్స్ తెచ్చి ఇది కూడా పుస్తకంలో పెట్టాల్సింది అంది. తమిళనాడు పెద్దాయనకి పోస్టులో పంపాం, తెలుగు రాదు కాబట్టి వాళ్ళ మనవరాలు ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుంటూ చదివి వినిపించిందట. ఆయన తన దగ్గరున్న ఒక గ్రూప్ ఫోటో పంపాడు, 1972లో మైన్లు తీసే రోజుల్లోది, మూడో వరసలో నాన్న, గడ్డం పెరిగి, పాతికేళ్ళు కూడా నిండని మనిషి. రెండో విడత కాపీల్లో నా పార్ట్ టు ఆర్డర్ ఉన్న పేజీకి ఎదురుగా ఆ ఫోటో వేయిస్తున్నాం.